దుర్భిణికి కట్టిన గొంగడి పట్టీ

నా చిన్నప్పుడు మేము మానుకోట దగ్గర ఒక చిన్న రైలు స్టేషనులో ఉండేవాళ్ళం. ఇప్పుడందరూ మహబూబాబాద్ అంటున్నారు, నాకు మాత్రం మానుకోటే. మా తాత అక్కడ సిగ్నళ్ళకు దీపాలు పెట్టేవాడు. అప్పటికింకా కరెంటు సిగ్నళ్ళు రాలేదు. పొద్దు గూకే వేళకు దీపాల్లో కిరసనాయిలు పోసుకుని, పట్టాల వెంట నడిచి, ఇనుప నిచ్చెన ఎక్కి, ఒక్కో స్తంభం మీద ఒక్కో దీపం పెట్టి రావాలి. దీపం డబ్బాకు ముందువైపు బిళ్ళలాంటి లావుపాటి అద్దం ఉండేది. ఆ అద్దంలోంచి వచ్చే వెలుగే రైలు నడిపేవాడికి దారి.

చలికాలం వస్తే మా తాత ఒక పని చేసేవాడు. ఇంకా వెలుతురు ఉండగానే స్టేషనులో దీపాలన్నీ ముట్టించేవాడు. వత్తి కిందికి దించి, చిన్న మంట మీద పెట్టి, అట్లా వెలుగుతున్నవాటినే మోసుకుపోయేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళ పనికి ఎందుకని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఒకనాడు ఆయనకు మోకాలు వాచింది. ఒక దీపం మోసే పని నాకిచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. మా అవ్వ సంగతి చెప్పాలి. పొద్దుండగా ఇంట్లో దీపం ముట్టిస్తే ఊరుకునేది కాదు, నూనె దండుగని రాత్రి అన్నం తినేదాకా తిడుతూనే ఉండేది. నాకు అదే గుర్తొచ్చింది. తాత ముందు కుంటుకుంటూ నడుస్తున్నాడు. నేను వెనకనుంచి డబ్బా తలుపు తీసి దీపం ఊదేశాను. నూనె మిగిలిస్తున్నానని నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. స్తంభం దగ్గరికి చేరాక అగ్గిపుల్ల గీసి మళ్ళీ ముట్టించి, నిచ్చెన మీదున్న తాతకు అందించాను. ఆయనకు చూపు ఆనదు. మంట ఉంది కదా అని పెట్టి దిగాడు.

అప్పటికే మంచు దిగుతోంది. కింద నిలబడి పైకి చూస్తే అద్దం తెల్లగా మసకబారింది. వెలుగు పలచటి మజ్జిగలాగా అయిపోయింది. నేను చూశాను. చెప్తే ఊదేసిన సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను.

కాసేపటికి రైలు వచ్చింది. దీపం కనబడక ఊరి బయటే ఆగిపోయి ఒకటే కూత. స్టేషను మాస్టరు పరుగెత్తుకొచ్చి, అందరి ముందు, ముసలోడివై పోయినవు, కండ్లు కనబడకుంటే ఇంట్ల కూసోమని మా తాతను అన్నాడు. మా తాత నిలబడి విన్నాడు. ఇంటికి వస్తూ దారిలో పట్టాల పక్కన కూర్చున్నాడు.

"దీపం ఆర్పినవా బిడ్డా?"

తల ఊపాను.

దారి చూసుకునేందుకు ఆయన చేతిలో పట్టుకున్న దీపం అద్దానికి నా అరచేయి ఆనించి పట్టాడు. అప్పుడే పెట్టిన కోడిగుడ్డంత వెచ్చగా ఉంది. అద్దం వెచ్చగుంటే మంచు దాని దగ్గరికి రాదని, చల్లబడ్డ అద్దాన్ని ఎంత తుడిచినా మళ్ళీ మళ్ళీ పడుతుందని, అందుకే ముందునుంచే ముట్టించి తెస్తానని చెప్పాడు. వత్తి పెద్దగా పెడితే అద్దం పగులుతుందట. వెచ్చన చాలు, వేడి వద్దు.

"మసక పడ్డది నువ్వు చూసినవా?"

"చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"తిడ్తవనుకున్న."

"తిడ్తనేమో. తిట్టినంక మల్ల ఎక్కి బాగు చేద్దును గద. నువ్వు చూసి కూడ చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది బిడ్డా?"

ఆరోజు రెండు మాటలు చెప్పాడు మా తాత. అద్దం మాట నాకు గట్టిగా పట్టింది. రెండో మాట పట్టలేదు. ఆ సంగతే చెప్పాలని ఈ మాటలు రాయిస్తున్నాను. నాకు చదువు సంతకం వరకే. నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తోంది.

నన్ను జనగామకు ఇచ్చారు. మా ఆయన లింగాల ఘనపూర్ దగ్గర ఒక బడిలో సారు. పిల్లలకు తోకచుక్క పాఠం చెప్పేవాడు, పుస్తకంలో బొమ్మ చూపించి. చిన్నతనంలో ఒకసారి తోకచుక్క వస్తే ఊరంతా లేచి చూసిందట, ఈయనకు జ్వరమని వాళ్ళమ్మ లేపలేదట. చూడనిదాన్ని ఇన్నేళ్ళు చూసినట్టు చెప్పానని ఆయనకు లోపల ఒక సిగ్గు ఉండేది. రిటైరయ్యాక టెలిస్కోపు కొన్నాడు. మేము దుర్భిణి అనేవాళ్ళం. అప్పటికే ఆయన గుండె బాగాలేదు. వరంగల్ దవాఖానలో డాక్టరు చెప్పిన మాట మా ఇద్దరికీ తెలుసు, దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

దుర్భిణి కొన్న ఏడాది చలికాలంలోనే తోకచుక్క వస్తుందని ఫోనులో చూశాడు. వారం రోజులే. తెల్లవారుజామున తూర్పున కాసేపు కనబడి, ఆ తర్వాత సూర్యుడి వెలుగులో కలిసిపోతుందట. దుర్భిణి లేకుండా కనబడేది కాదట. ఊరి బయట చేనుగట్టు మీద దుర్భిణి పెట్టుకున్నాం. నేను ఫ్లాస్కులో చాయ పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

మొదటి రోజు దుర్భిణి తిప్పి వెతుకుతుండగానే ముందు అద్దం మీద మంచు పడింది. మెత్తటి బట్టతో తుడిచాడు. మళ్ళీ పడింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. తుడవడం, వంగి చూడడం, మళ్ళీ తుడవడం. నాకు తెలుసు. మొదటి రోజే తెలుసు. నా అరచేతికి ఆ వెచ్చదనం ఇంకా గుర్తే. కానీ ఆయన ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన సారు, నేను వేలిముద్ర నుంచి ఈమధ్యే సంతకానికి వచ్చినదాన్ని. దుర్భిణి గురించి నేను చెప్పడమేంటి, నవ్వుతాడేమో అనుకున్నాను. మూడు రోజులు చాయ పోసి ఊరుకున్నాను.

నాలుగో రోజు ఇంటికొచ్చి చాయ కూడా తాగకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూడలేక చెప్పాను.

"ఏమయ్యా, అద్దం తుడిస్తే పోదు. ముందుగాల్నే వెచ్చగ ఉంచాలె."

ఇటు తిరిగాడు. మా తాత దీపం సంగతంతా చెప్పించుకున్నాడు. లేచి కూర్చున్నాడు.

"గింత తెల్సి, నాలుగు రోజులు నోరు మూసుకొని కూసున్నవానే?"

"సారువు నువ్వు, నాకేం తెల్సని."

"సారును గాబట్టే తుడుచుకుంట కూసున్న. గిదీ నా తెలివి."

నవ్వాడు గాని, ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఫోనులో చూస్తే అట్లాంటి వెచ్చటి పట్టీలు బజారులో దొరుకుతాయట. ధర చూసి ఫోను పక్కన పెట్టేశాడు. మేమే చేద్దామన్నాడు. జనగామలో రేడియో రిపేరు దుకాణానికి పోయి, వడ్లగింజలంత ఉండే, రంగు గీతల రెసిస్టర్లు గుప్పెడు తెచ్చాడు. వాటిలోంచి కరెంటు పారితే అవి వేడెక్కుతాయట. నేను మా అత్త కప్పుకున్న పాత గొంగడిలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కోశాను. రెండు సన్నటి తీగలు పరిచి, నిచ్చెన మెట్లలాగా వాటి మధ్య గింజలు అతికించాడు. నేను తీగ కదలకుండా పట్టుకునేదాన్ని. తర్వాత గొంగడి మడిచి గింజలన్నీ లోపలికి పోయేట్టు కుట్టాను. దుర్భిణి మూతి చుట్టూ కట్టి, తీగ కొసలు పాత మోటారు సైకిలు బ్యాటరీకి తగిలించాలి. అంతే. ఆ పనిలో ఐదో రోజు కూడా పోయింది.

ఆరో రోజు మంచు పడలేదు. కానీ దుర్భిణిలో చుక్కలు పొయ్యి మీది ఆవిరిలోంచి చూసినట్టు వణికిపోయాయి. ఆయన నావైపు చూశాడు. ఈసారి నేను ఆగలేదు.

"వత్తి పెద్దగైంది. జర తగ్గియ్యి."

అక్కడికక్కడే కుట్లు విప్పి గింజలు సగం తీసేశాం. మళ్ళీ కుట్టి కట్టేసరికి తూరుపు తెల్లబడింది.

ఏడో రోజు ఇంటి దగ్గరే ముందుగా తగిలించి, వెచ్చబడ్డాక తీసుకుపోయాం. మా తాతలాగే. గడ్డంతా తడిసి ఉంది, మా బట్టలు తడిసి ఉన్నాయి, అద్దం మాత్రం తుడిచిపెట్టినట్టు ఉంది. ఒక్క చుక్కయినా వణకలేదు. తోకచుక్క లేదు. అప్పటికే వెలుగులోకి దిగిపోయింది. ఎండ వచ్చేదాకా ఆయన కన్ను తీయలేదు. నేను ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే పట్టీ మూడో రోజుకే తయారయ్యేది. ఈ లెక్క ఆయన కూడా వేసుకునే ఉంటాడు. సారు కదా. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

"మల్ల వస్తదా?" అని అడిగాను.

"వస్తది. మనం ఉండాలె గద."

ఆ చలికాలమంతా ఆ పట్టీ కట్టుకుని శని చుట్టూ ఉండే వలయం చూశాడు, నాకూ చూపించాడు. పట్టీని "మీ తాత దీపం" అని పిలిచేవాడు. వానలు మొదలయ్యేటప్పటికి పోయాడు.

ఇప్పుడు భూపాలపల్లిలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. తనూ టీచరే. చలికాలంలో బడిపిల్లలకు దుర్భిణి చూపిస్తుంది. పట్టీ కట్టే పని నాది. గంట ముందే కడతాను. గొంగడి రెండు చోట్ల చిరిగితే అతుకులు వేశాను. కట్టాక పిల్లలను పిలిచి చెప్తాను, ఏమన్నా తేడా కనబడితే చెప్పుండ్రి, తప్పైనా సరే, నేను తిట్టను అని. వాళ్ళు ఊరికే నవ్వుతారు. అయినా ప్రతిసారీ చెప్తాను.

అందరూ పోయాక పట్టీ విప్పే ముందు అద్దం అంచును అరచేత్తో తాకి చూస్తాను.

"వెచ్చగున్నదయ్యా" అంటాను. పైకే అంటాను, పక్కన ఎవరూ లేకపోయినా.