నాయనమ్మను సంపకుండ అడిగిన వాయిదా

నా చిన్నప్పుడు మా నాయనమ్మను సంపుమని ఊరంత మా తాతయ్యకు సలహా ఇచ్చింది. భయపడకున్రి, ఉత్త మాట వరసకే! ఈ ముచ్చట ఇయ్యాల చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఎందుకంటే నిన్ననే రిజల్ట్ వచ్చింది, నేను లా పాసైన! మా ఇంట్ల డిగ్రీ పట్టుకున్న మొదటి మనిషిని నేనే. కానీ నాకు కోర్టు పాఠం మొదలు చెప్పింది కాలేజీ కాదు, మా తాతయ్య.

టేకులపల్లి అవతల అడివి అంచున మా పల్లె. ఓ మాపటేళ ఎనకింటి తాత మేకలు మా మిరప నారు మొదలంట మేసినయ్. ఆయన మా తాతయ్యకు బావ వరుస. మాటా మాటా పెరిగింది. తాతయ్య నష్టపరిహారం ఇప్పియ్యమని ఇల్లందు కోర్టుల చిన్న దావా ఏసిండు. మేకలు మేస్తుంటే కండ్లార చూసింది నాయనమ్మ ఒక్కతే, ఆమెనే సాక్షి.

తీరా విచారణ ఇప్పపువ్వు రాలే రోజులల్ల పడ్డది. మా దిక్కు ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో తాతల నాటి సంది ఒప్పందం. ఎవరి చెట్టు కింద వాళ్లే తెల్లారకముందే ఏరుకోవాలె. పొద్దెక్కితే మేకలు, అడివి పందులు ఒక్క పువ్వు మిగలనియ్యవు. ఆ పువ్వు ఎండబోసి అమ్మితేనే మా ఇల్లు వానకాలం దాక గడిచేది. తెల్లారకముందే బస్సెక్కి కోర్టుకు పోతే పువ్వు పాయె, పోకపోతే కేసు కొట్టేస్తరు.

"ముసలామె సచ్చిపోయిందని చెప్పు, వాయిదా జల్దీ ఇస్తరు" అన్నరు అందరు.

నాయనమ్మ పువ్వు ఎండబోస్తనే, "సంపితే సంపున్రి గని, సచ్చినదాన్ని మళ్ల సాక్ష్యానికి ఎట్ల తోల్కపోతరు?" అన్నది.

తాతయ్య నన్ను ఎంటబెట్టుకొని ఎనకింటి తాత వాకిట్లకు పోయిండు. కేసు ఏసిన కాడికెళ్లి ఇద్దరికి మాటల్లేవు. అందుకని అక్కడ కట్టేసిన మేకతోని మొదలువెట్టిండు.

"ఏమే మేకా, మీ అయ్యకు గూడ ఇప్పచెట్లున్నయ్ గద. ఆయన కోర్టుకొస్తే పువ్వు నువ్వు ఏరుతవా?"

ఎనకింటి తాత మంచంల నుంచి లేవకుండనే, "ఆయనకు చెప్పవే మేకా, నాకు గూడ గదే రంది పట్టుకున్నదని" అన్నడు.

గట్ల మేక నడుమ నిలవడి ఒప్పందం చేసింది. కేసు కేసే, వాయిదా మాత్రం కలిసి అడగాలె. తారీఖుకు ముందే, పువ్వు ఇంక జోరుగ రాలకముందే, ఇద్దరు ఒక్క బస్సుల ఇల్లందు పోయిన్రు. ఒకాయన ముందు సీట్ల, ఇంకొకాయన ఆఖరి సీట్ల, నేను నడుమ.

దరఖాస్తు చూసి జడ్జి అమ్మ కారణం ఏందని అడిగింది. తాతయ్య రుమాలు ఇప్పి దోసెడు పువ్వు చూపించిండు. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డయ్.

"లంచం కాదమ్మా, ఇదే కారణం."

ఎనకింటి తాత ముందుకొచ్చి, "అవ్ అమ్మా, గీ ఒక్క మాట మాత్రం ఆయన నిజమే చెప్తుండు" అన్నడు. కోర్టంత నవ్వింది. జడ్జి అమ్మ గూడ నవ్వాపుకోలేక, పువ్వు అయిపోయినంకకు తారీఖు మార్చింది.

ఆ తారీఖుకు నాయనమ్మ కొత్త చీర కట్టుకొని పోయి, ఏ మేక ఏ మడి మేసిందో పూసగుచ్చినట్టు చెప్పింది. తాతయ్య గెలిచిండు. ఎనకింటి తాత పరిహారం కట్టిండు గని, శానా రోజులు మా ఇంటితోని మేక ద్వారానే మాట్లాడిండు.

రేపు నల్లకోటు ఏసుకొని ఎవరి కోసం వాయిదా అడిగినా, ముందుగాల పోతా, అవతలోళ్లకు చెప్తా, ఉన్న కారణమే చెప్తా. నిన్న ఈ మాటనే నాయనమ్మతోని అంటే, బోసినోటితోని నవ్వి నా తలమీద చెయ్యివెట్టింది.

"ఏ ముసల్దాన్నీ సంపకుండ గెలువు బిడ్డా."