నా దెబ్బ, ఆయన వేలు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి అసలు డ్రమ్ములు మంచివా, కరెంటు డ్రమ్ములు మంచివా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. రెండింటి మంచీ చెడూ చెబుతాను. గోడ అవతల మనుషులుంటే కరెంటువే కొనుక్కోమంటాను. కానీ చెబుతూ చెబుతూ ఉంటే నా గొంతు నాకు తెలియకుండానే పెరిగిపోతుంది, అడిగినవాళ్ళు పాపం బిక్కమొహం వేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. నా కోపానికి పాతికేళ్ళు దాటాయి, ఇంకా ముసలిదవలేదు.

అప్పట్లో మేం బోరబండలో ఉండేవాళ్ళం. మా నాయన పెళ్ళి బ్యాండులో సైడు డ్రమ్ము వాయించేవాడు. ఇరవై ఏళ్ళు బరాత్ గుర్రం ముందు నడుస్తూ వాయించాడు గానీ, ఒక్కనాడూ కూర్చుని వాయించలేదు. కూర్చుని వాయించేవాళ్ళు వేరే, స్టేజీ మీది ఆర్కెస్ట్రావాళ్ళు. వాళ్ళు వాయిస్తే జనం కుర్చీలేసుకుని వింటారు. నాయన వాయిస్తే జర జరుగు, జర జరుగు అంటారు. నాకు చెయ్యి తిప్పడం నేర్పింది ఆయనే, మా అమ్మ వద్దు వద్దంటున్నా. ఆడపిల్ల ఎలాగూ బ్యాండులోకి పోదు, నేర్పితే పోయేదేముంది అనుకున్నాడేమో. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, మూతపడిన ఒక ఆర్కెస్ట్రావాళ్ళ పాత డ్రమ్ సెట్టు దొరికితే ఇంటికి తెచ్చుకున్నాను. ఉన్న రెండు గదుల్లో ఒకటి దానికే పోయింది. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఉద్యోగం మాదాపూర్‌లో. గుట్టలు పేల్చి అద్దాల బిల్డింగులు లేపుతున్న రోజులవి. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తే అన్నం మీద కూడా దుమ్ము పడేది. నేను కింద డేటా ఎంట్రీలో. పై అంతస్తులో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, మాటకు ముందొక అండి, వెనకొక అండి. ఆ ఏడు కంపెనీ వార్షికోత్సవానికి పాటల ప్రోగ్రాం చేస్తానని పై అంతస్తు సారొకాయన పూనుకున్నాడు. ఆయనకు సంగీతం పిచ్చి. మియాపూర్‌లో ఆయన ఫ్లాటులో ఒక గది నిండా కంప్యూటరు, కీబోర్డు, మైకు, వైర్లు. పాడేవాళ్ళు ప్రాక్టీసు చేసుకోవడానికి అక్కడే పాటలన్నిటికీ సంగీతం రికార్డు చేస్తాడట. డ్రమ్ములు ఎవరికైనా వచ్చా అని క్యాంటీన్లో అడిగితే నేను చెయ్యెత్తాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. రికార్డింగుకు మీరే రండి, ప్రోగ్రాం రోజు స్టేజీ మీద కూడా మీరే వాయిద్దురుగాని అన్నాడు.

నాకు కావలసింది ఆ ఒక్కటే. మా ఇంట్లో ఒక్కరైనా స్టేజీ మీద కూర్చుని వాయించాలి. నాయన ఎలాగూ కూర్చోలేదు, నేను కూర్చుంటాను. ఇంతకు మించి నాకు ఏ ఆశా లేదు, అది మాత్రం మొండి ఆశ.

ట్రాలీ ఆటోలో డ్రమ్ములేసుకుని ఒక ఆదివారం మియాపూర్ వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కాలితో తొక్కి వాయించే పెద్ద కాలి డ్రమ్మును నేనూ సారూ చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. కిటికీలకు పరుపులు నిలబెట్టాం, గోడలకు బొంతలు వేలాడదీశాం. అసలు డ్రమ్ములతో ఇంట్లో వచ్చే తంటా వాయించడం కాదు, గది. నాలుగు గోడల మధ్య దెబ్బ పడగానే గది కూడా గొంతు కలుపుతుంది. ఉన్న ఒక్క మైకును అటు జరిపి, ఇటు జరిపి, స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద ఒక చేతి రుమాలు పరిచి, చివరికి వినడానికి బాగుందనుకునేసరికి కింది అంతస్తు ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. మా షెల్ఫులో గ్లాసులు దూకేస్తున్నాయండీ, అంది. పై అంతస్తు పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. సారు చేతులు కట్టుకుని అందరికీ క్షమాపణలు చెప్పాడు. ఆయన భార్య మాత్రం నాకు కాఫీ ఇచ్చి, మీ చేతులు నొప్పెట్టవా అండీ అని అడిగింది.

మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. నాలుగో ఆదివారం వెళ్ళేసరికి టేబుల్ మీద కొత్త పెట్టె ఉంది. నల్లటి పలక మీద ఎనిమిది రబ్బరు గళ్ళు. ప్యాడ్స్ అన్నాడు సారు, మొహం వెలిగిపోతుంటే. ఒక్కో గడిలో ఒక్కో డ్రమ్ము. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే పక్కనున్నవాళ్ళకు పుల్లల టకటక తప్ప ఏమీ వినిపించదు. గది గొడవ లేదు, మైకు గొడవ లేదు, దెబ్బ నేరుగా కంప్యూటరులోకి పోతుంది. నేను కూడా ప్రయత్నించాను. అబద్ధం ఎందుకు, సౌండు శుభ్రంగా ఉంది. కానీ చేతికి ఏమీ తెలియలేదు. అసలు డ్రమ్ము పుల్లను వెనక్కి తోస్తుంది, తోసిన లెక్కను బట్టి రెండో దెబ్బ పడుతుంది. ఇక్కడ చెప్పు అడుగు మీద కొట్టినట్టుంది. అదే చెప్పాను. సారు తల ఊపి, మీరన్నది నిజమేనండీ, అసలు డ్రమ్ము అసలు డ్రమ్మే, అందుకే ఒక పని చేద్దాం అన్నాడు.

ఆ పని ఏమిటంటే, ఒక్కో డ్రమ్ము మీద ఒక్కో దెబ్బ, విడివిడిగా. మెల్లగా ఒకటి, మధ్యస్తంగా ఒకటి, గట్టిగా ఒకటి. స్నేర్ నడిమి మీద, స్నేర్ అంచు మీద, కాలి డ్రమ్ము, తాళాలు. ఒక దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఒక్కో దెబ్బే కాబట్టి కింది ఆవిడ కూడా ఓర్చుకుంది. ఆ మధ్యాహ్నమంతా కొట్టాను. పిచ్చిదాన్ని, ఎంత మురిసిపోయానో. నా దెబ్బను ఇంత శ్రద్ధగా, ఇంత నిశ్శబ్దంలో ఎవరు విన్నారు అప్పటిదాకా? నాయన దెబ్బను ఎవరు విన్నారు? ఒక దెబ్బ సరిగా రాలేదనిపిస్తే నేనే ఇంకోసారి కొడతానని అడిగి మరీ కొట్టాను.

అన్నీ అయ్యాక సారు కంప్యూటరు ముందు కాసేపు ఏదో చేసి, నన్ను దగ్గరికి పిలిచి, కీబోర్డు మీద ఒక మెట్టును చూపుడు వేలితో నొక్కాడు. నా స్నేర్ మోగింది. ఇంకో మెట్టు నొక్కాడు. నా కాలి డ్రమ్ము. రెండు వేళ్ళతో టకటకా నొక్కుతూ పోతే నేను వాయిస్తున్నట్టే ఉంది. నేనేమో పుల్లలు సంచిలో పెట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను.

"చూశారా అండీ, ఇక మీరు ఇబ్బంది పడక్కర్లేదు" అన్నాడు.

పట్టుగుడ్డలో చెప్పు చుట్టి కొట్టడమంటే ఇదే. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, మరి స్టేజీ సంగతేంటి సార్ అని అడిగాను. స్టేజీ మీద ఈ ప్యాడ్స్ చాలండీ, వాటిలోనే మీ సౌండు వేసేస్తాను, నేను చూసుకుంటాను, మీరు హాయిగా ముందు వరసలో కూర్చుని వినండి అన్నాడు. కూర్చోమన్నాడు, ఎక్కడ? కుర్చీలో! ఒళ్ళంతా మండింది. గవి నా దెబ్బలు, తుడిచెయ్యుండ్రి సార్ అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. మీ దెబ్బలు మీ దగ్గరే ఉన్నాయి కదండీ, నేను తీసుకుంది సౌండే కదా అన్నాడు. ఆ మాటకు జవాబు ఆ రోజు నాకు దొరకలేదు. డ్రమ్ములు ఒక్కొక్కటే నేనే దించుకున్నాను. ఆయన సాయం పట్టబోతే వద్దన్నాను.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాయన అంతా విని, బీడీ ఆర్పి, ఒకే మాట అన్నాడు.

"దెబ్బలిచ్చినవ్, చెయ్యి ఇయ్యలే గద. ఫికర్ జెయ్యకు."

వార్షికోత్సవానికి పది రోజుల ముందు క్యాంటీన్లో రిహార్సల్ పెట్టారు. చివరి పాట డాన్సు పాట. కంపెనీలో డ్రైవర్లు, సెక్యూరిటీవాళ్ళు, క్యాంటీన్ అక్కలు అందరూ ఇక్కడివాళ్ళే, తీన్మార్ లేకపోతే ఎవరూ కుర్చీల్లోంచి లేవరని సారుకు ఎవరో చెప్పారు. ఆయన నన్ను అడగలేదు. తీన్ అంటే మూడు, మార్ అంటే కొట్టు అని నిఘంటువు చూసినట్టు అర్థం చేసుకుని, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు అని లెక్క కట్టి కంప్యూటరులో కూర్చి తెచ్చాడు. నా దెబ్బలతోనే. మొదలవగానే నలుగురు డ్రైవర్లు ఉత్సాహంగా దూకారు. రెండో చుట్టుకే ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. అందరిలోకీ పెద్దవాడు ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు:

"గిదేంది సార్, కాలు పెట్ట జాగ లేదు."

తీన్మార్‌లో కొట్టేవి మూడే, కానీ లెక్క నాలుగు. నాలుగోది కొట్టకుండా వదలాలి. కాలు పడేది అక్కడే. ఈ ఊళ్ళో బరాత్‌ల వెంట పరుగెత్తి పెరిగిన ఎవరికీ ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మాట విని అర్థం తెలుసుకున్నవాడికి ఎప్పటికీ తెలియదు. నేను వెనక బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. చెప్పొచ్చు. చెప్పలేదు. చెడ్డదాన్ననుకున్నా సరే, ఆ టీ అంత రుచిగా మళ్ళీ ఎప్పుడూ లేదు.

మరునాడు సారు నా టేబుల్ దగ్గరికే వచ్చాడు. ఏవండీ, ఈ ఆదివారం ఒక్కసారి ఇంటికొచ్చి ఆ తీన్మార్ ఒక్కటీ రికార్డు చేసిపెట్టరూ అన్నాడు. చుట్టూ టైపు చేస్తున్నవాళ్ళు చేతులాపారు. ఆ ఆదివారం దొరకని జవాబు అప్పుడు దొరికింది.

"సౌండు ఇచ్చిన, ఇగ ఇయ్య. తీన్మార్ గావాల్నంటె నన్ను పిలువుండ్రి. నేనొస్త, నా డ్రమ్ములొస్తయ్."

స్టేజీ మీద మైకులు చాలవండీ, డ్రమ్ముల మోతలో పాట వినబడదండీ అన్నాడు. అది కూడా నిజమే. ఆలోచిస్తానండీ అని వెళ్ళిపోయాడు. ఆయన భాషలో దాని అర్థం ఏమిటో ఆరు నెలల్లో నేర్చుకున్నాను.

ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను. వార్షికోత్సవం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, ట్రాలీ ఆటోలో డ్రమ్ములేసుకుని బిల్డింగు వెనక షామియానా దగ్గర దిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న పాస్ అడగబోయి, డ్రమ్ములు చూసి, ఏమనుకున్నాడో పక్కకు తప్పుకున్నాడు. స్టేజీ మీద జాగ లేదు, ఉన్నా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. స్టేజీకి ఎడమ పక్క, డ్రైవర్లు నిలబడే చోట, నేల మీదే సెట్టు బిగించుకుని నా స్టూలు మీద కూర్చున్నాను. సారు పైనుంచి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

పాటలన్నీ అయ్యేదాకా పుల్లలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. పాటలు బాగానే వచ్చాయి. పాడేవాళ్ళ ప్రతి మాటా వినబడింది. ఆ పాటల్లో నా స్నేర్ నిగారింపుగా మోగింది. చివరి పాట వచ్చింది. పెట్టెలోంచి ఒకటి రెండు మూడు మొదలైంది. డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడి నా వైపు చూశారు.

మొదలుపెట్టాను. మైకు లేదు, ఏమీ లేదు. పైన మూడు, కింద నాలుగు, రెండూ ఢీకొని కాసేపు అంతా కంగాళీగా ఉంది. ముందు వరసలో పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సిగ్గేసింది, భయమేసింది, అయినా ఆపలేదు. ఆపితే నేను ఓడినట్టు కాదు, నాయన ఇరవై ఏళ్ళు నడిచింది దండగ అయినట్టు అనిపించింది. పైన సారు ఇంకో రెండు చుట్లు వాయించి, తల వంచి విని, చేతులు పైకెత్తేశాడు. పెట్టె ఆగింది. డ్రైవర్ల కాళ్ళు నేల మీద పడ్డాయి. క్యాంటీన్ అక్కలు కొంగులు దోపుకుని దిగారు. తర్వాత పై అంతస్తు మేడమ్‌లు చెప్పులు విప్పి మరీ దిగారు. ఎంతసేపు వాయించానో నాకు తెలియదు, అరచేతిలో బొబ్బ పగిలింది.

అయ్యాక ఒకమ్మాయి కాగితం చూసి కళాకారుల పేర్లు చదివింది. పాడినవాళ్ళు, కీబోర్డు, గిటారు, చప్పట్లు. ఆగి సారు వైపు చూసింది. సారు ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. న్యాయం తెలిసిన మనిషే, కాదనను. డ్రమ్ములు వాయించింది, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మైకును అరచేత్తో మూసి, స్టేజీ అంచుకు వచ్చి, నా వైపు వంగి, మెల్లగా అడిగాడు:

"మీ పేరేంటండీ?"

ఆరు నెలలు. ఆయన ఇంట్లో కాఫీ తాగాను, ఆయనతో కలిసి మూడంతస్తులు డ్రమ్ములు మోశాను. నా దెబ్బలన్నిటికీ స్నేర్ ఒకటి, స్నేర్ రెండు అని పేర్లు పెట్టి దాచుకున్నాడు.

ఆయనకు చెప్పలేదు. స్టూలు మీంచి లేచి, జనం వైపు తిరిగి, మైకు లేకుండానే, ఇంటిపేరుతో సహా చెప్పాను. వెనకనుంచి ఒక డ్రైవరు వినబడలేదన్నాడు. మళ్ళీ చెప్పాను.