బలదీకి రంగత్‌లో వచ్చిన జవాబు

నేను పెట్టుకున్న దరఖాస్తులు నాలుగు. నాలుగింటికీ ముట్టినట్టు సంతకం చేయించుకున్నాను. ఆ నకళ్లు మా దుకాణంలో, కత్తెరలు పెట్టే సొరుగులో భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో మా తెలుగువాళ్లు ఏటా జరుపుకునే ఉత్సవాల కమిటీకి నేను అడిగింది పెద్ద విషయం కాదు. వేదిక మీద పావుగంట చోటు. పాట రికార్డు కాకుండా పక్కన మనిషి కూర్చుని వాయించే డోలు. నా నాట్యాన్ని దాని పేరుతో పిలవడం. సరేనంటే సంతోషించేవాణ్ణి, కాదంటే పోట్లాడేవాణ్ణి. వాళ్లు రెండూ అనలేదు.

నేను దర్జీని. మిడిల్ పాయింట్‌లో దుకాణం, డిగ్నాబాద్‌లో ఇల్లు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చినవాడు. మా నాన్న వేట మానేసి కుట్టు నేర్చుకున్నాడు. నేను పుట్టింది, పెరిగింది, నలభై ఏడేళ్లవాణ్ణయింది ఈ దీవిలోనే.

కొన్నేళ్ల క్రితం మా దుకాణం వెనక ఉన్న హాల్లో బెల్లీ డాన్స్ వర్క్‌షాప్ పెట్టారు. నేర్పడానికి ముంబై నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆవిడ చాలా ఏళ్లు కైరోలో ఉండి, పెళ్లిళ్లలో ఆడే ముసలి నాట్యకత్తెల దగ్గర నేర్చుకుందట. మెడ నుంచి మడమ దాకా వచ్చే పొడుగు గౌన్లు పన్నెండు, వాటి మీద కట్టుకునే పట్టీలు పన్నెండు నాకు పురమాయించింది. కుట్టి పట్టుకెళ్లాను. ఒక పట్టీ కట్టుకుని నాలుగడుగులు వేసి, విప్పి నా చేతిలో పెట్టింది.

“మాస్టర్‌జీ, ఇది నడుముకి కాదు. తుంటికి.”

తప్పు నాదే. పాతికేళ్లుగా లంగాలకీ జాకెట్లకీ కొలతలు తీసిన చెయ్యి, పట్టీ అనగానే నడుము దగ్గర ఆగిపోయింది. ఈ నాట్యంలో పట్టీ ఇంకా జానెడు కిందికి ఉండాలి, తుంటి ఎముక మీద బరువుగా కూర్చోవాలి. ఎంత కిందికో తెలియాలంటే కదలిక చూడాలి. అందుకని గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, అంచులు కుడుతూ చూశాను. కాసేపటికి నా కుడికాలు దానంతటది ఆడటం మొదలెట్టింది. కుట్టుమిషను తొక్కే కాలు కదా, తాళం వింటే ఊరుకోదు. దుమ్ దుమ్, తక్ దుమ్, తక్. మేడమ్ నా కాలు చూసింది. ఆమెతో పాటు నేర్చుకునేవాళ్లూ చూశారు.

వాళ్లలో ఒకావిడ, నా దగ్గరే బట్టలు కుట్టించుకునే ఆవిడ, గట్టిగా అంది. “మాస్టర్ ఇక్కడుంటే మేం ఆడం. బోర్డు మీద లేడీస్ ఓన్లీ అని రాసుంది కదా.”

లేచి వచ్చేశాను. ఆవిడ ఎవరో, ఆ రోజు ఏ రంగు పంజాబీ డ్రెస్సు వేసుకుందో నాకింకా గుర్తే. దాన్ని కుట్టింది కూడా నేనే.

మేడమ్ మర్నాడు దుకాణానికొచ్చింది. ఆ దేశంలో పెళ్లింట మగవాళ్లూ ఆడతారని, తుంటి ఆడవాళ్లకే ఇచ్చిందెవరని అంది. తర్వాతి ఏడు వర్క్‌షాప్‌కి బోర్డు మార్పించింది. మగవాళ్లలో నేనొక్కణ్ణే వెళ్లాను. ఆడవాళ్లు సగం మంది మానేశారు. మానని వాళ్లలో ఒకావిడ, ఉత్తరాన ఒక పూట ప్రయాణం ఉండే రంగత్ నుంచి బస్సులో వచ్చేది. బడిలో పాఠాలు చెప్పే బెంగాలీ ఆవిడ, దీదీ అనేవాళ్లం. ఆవిడకి ఆడటం కన్నా వాయించడం మీద మనసు. సన్నటి నడుముతో, కూజాలా ఉండే దర్బుకా అనే డోలుని తువ్వాలులో చుట్టి, ఆ ట్రంక్ రోడ్డు గతుకుల్లో పొడుగునా ఒళ్లో పెట్టుకుని వచ్చేది.

మొదటి రోజే మేడమ్ నా పాదాలు చూసి నవ్వింది. “ఏం మాస్టర్‌జీ, పడవలో నిలబడ్డారా?”

నిజంగా అలాగే నిలబడ్డాను. కాళ్లు ఎడంగా, వేళ్లు బయటికి, అల వస్తే పడిపోకుండా. మా నాన్న వేట మానేసినా ఆ నిలబడటం మాత్రం మానలేదు, నాకూ అదే వచ్చింది. మేడమ్ నా పాదాలు రెండూ తుంటి కిందికి తెచ్చింది. మోకాళ్లు చూసి మాత్రం ఆశ్చర్యపోయింది. బిగపట్టకుండా మెత్తగా వదిలి ఉంచడం అందరికీ నెల పట్టే విద్య. నాకది పుట్టుకతోనే ఉంది. పడవ మీద మోకాళ్లు బిగపట్టినవాడు నీళ్లలో ఉంటాడు.

ఇంట్లో సాధన చేస్తుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది.

“ఏటయ్యా, నడుం పట్టేసిందేటి?”

“నడుం కాదే, తుంటి.”

“ఏదైతే ఏటి గానీ, ఆ పోపు గింజలు కూడా వేయించు. ఎలాగూ ఊగుతున్నావు.”

మేడమ్ నేర్పింది అడుగులు మాత్రమే కాదు. పొట్ట కనిపించే మెరుపుల జాకెట్టు, ఆ సినిమా హంగు, అది క్లబ్బుల కోసం, తెర కోసం తర్వాత వచ్చిందని చెప్పింది. దాన్ని తప్పు అనలేదు. దాన్ని దాని పేరుతో పిలవండి, దీన్ని దీని పేరుతో పిలవండి, రెండూ కలిపేస్తే పాతది పోతుంది అంది. మాకు నేర్పింది బలదీ. పల్లె నుంచి నగరానికి వచ్చి స్థిరపడ్డవాళ్ల నాట్యం. గెంతులుండవు, వేదికంతా తిరగడం ఉండదు. చాప పరిచినంత చోటులో, భూమిలోకి బరువు దించి ఆడాలి. ముందే కట్టిపెట్టుకున్న అడుగులుండవు. డోలు అడుగుతుంది, ఒళ్లు జవాబిస్తుంది. అందుకే రికార్డు పాట పనికిరాదు. రికార్డు మన మాట వినదు.

ఇంకొకటి చెప్పింది. ఆట రక్తి కట్టినప్పుడు చూసే ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ గొంతెత్తి సన్నగా ఒక సంతోషపు కేక పెడతారట. అది వస్తేనే ఆట నిండినట్టు. మా చేత అనిపించాలని చూసింది. హాలంతా కోడిని తరుముతున్నట్టు గోల. మేడమ్ చేతులెత్తేసింది. “వదిలేయండి. ఇది నేర్పితే వచ్చేది కాదు. ఊరు ఇవ్వాలి.”

ఆ మాట మనసులో పెట్టుకునే మొదటి దరఖాస్తు రాశాను. కమిటీ కార్యదర్శి మా పేటవాడే, నాకన్నా రెండేళ్లు చిన్న. చదివి మడత పెట్టాడు.

“అన్నయ్యా, ఫ్యామిలీలు వస్తారు. బెల్లీ డాన్స్ అంటే ఏటనుకుంటారు? సమజో కొంచెం.”

రెండో ఏడు దరఖాస్తుతో పాటు పొడుగు గౌను కూడా పట్టుకెళ్లి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఒళ్లంతా కప్పేస్తే ఇంక బెల్లీ ఎక్కడుంది, బెల్లీ డాన్స్ ఎక్కడుంది? ఎవడు చూస్తాడు భయ్యా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎంతమంది నవ్వారో, ఎవరెవరో చెప్పగలను. మూడో ఏడు, నా దరఖాస్తు వాళ్ల దగ్గరుండగానే, ఒక సినిమా పాటకి మెరుపు బట్టలేసుకుని నలుగురు అమ్మాయిలు గెంతితే మైకులో ‘అసలైన అరబ్బీ బెల్లీ డాన్స్’ అని ప్రకటించారు. పిల్లల మీద నాకు కోపం లేదు, బాగానే గెంతారు. ఆ మాట మీద కోపం. నాలుగో ఏడు ఏమైందో అడుగుదామని వెళితే, నా దరఖాస్తు కార్యదర్శి బల్ల మీద బోర్లా పడి ఉంది. దాని వెనక వంటవాడికి సరుకుల జాబితా రాసి ఉంది. శనగపిండి, నూనె, పచ్చిమిర్చి. అతని చేతిరాత నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

ఆ ఏడే రంగత్ దీదీ ఫోన్ చేసింది. “దాదా, మా బజారు వాళ్ల పండగ ఉంది. బడి మైదానంలో, మధ్యాహ్నం. మీరు ఆడండి, నేను వాయిస్తాను. ఇక్కడ దరఖాస్తులు లేవు, నేను చెప్పాను, వాళ్లు సరే అన్నారు.”

నాలుగేళ్లలో నేను విన్న మొదటి సరే అది.

మా ఆవిడా నేనూ తెల్లవారుజామున బస్సెక్కాం. అడవి దాటించే పోలీసు కాన్వాయ్ కోసం ఆగి, బస్సుతో సహా పంటు మీద నీళ్లు దాటి, రంగత్ చేరేసరికి వేదిక మీద షామియానా బిగిస్తున్నారు. ముందు వరుసలో అతిథుల కుర్చీలు. అందులో ఒకదాంట్లో, మెడలో బంతిపూల దండతో, మా కమిటీ కార్యదర్శి! పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ల తరఫున పిలిచారట. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

దీదీ చాప మీద కూర్చుని డోలుని చంకలో సర్దుకుంది. మైకతన్ని పిలిచి నేనే చెప్పాను, బలదీ అని పిలవమని. అతను బలదీ అనే పిలిచాడు. బూడిద రంగు పొడుగు గౌను, తుంటి మీద ఎర్ర పట్టీ. మైదానంలో కిచకిచలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరో తెలుగులోనే అరిచారు.

“మాస్టరూ! కొలతలు తీస్తన్నావేటి?”

అందరూ నవ్వారు. దీదీ ఆ నవ్వు మీదే ఒక్క దుమ్ వేసింది. నేను అరిచినవాడి వైపు తిరిగి, తుంటితో ఒక్కటే జవాబిచ్చాను, బరువుగా, తలుపు మూసినట్టు. నవ్వు మారింది. ఈసారి నా వైపున ఉంది.

ఆ తర్వాత నాకు మైదానం కనిపించలేదు. దీదీ అడిగింది, నేను చెప్పాను. ఆవిడ నెమ్మదించింది, నేను ఇంకా కిందికి దిగాను. నడిమధ్యలో ఆవిడ వాయించడం పూర్తిగా ఆపేసింది. ఇలా చేస్తానని ముందు చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో ఒళ్లంతా ఆపి, ఒక్క తుంటిని మాత్రం సన్నగా వణికించాను, పట్టీకి కుట్టిన పూసలు వాన చినుకుల్లా మోగేలా.

అప్పుడు వచ్చింది.

ముందు వరుస పక్కన, చీరకొంగు తల మీద కప్పుకుని కూర్చున్న ముసలావిడ, దీదీ అత్తగారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతెత్తింది. నాలుక ఆడిస్తూ, సన్నగా, పొడుగ్గా. ఆమె పక్కావిడ అందుకుంది. ఆ వెనక వరుస, దాని వెనక వరుస. బెంగాలీ ఆడవాళ్లు పెళ్లిళ్లలో, పూజల్లో పెట్టే ఉలు కేక అది. చిన్నప్పటి నుంచి పక్కింటి గోడల మీంచి వింటూనే ఉన్నాను. మేడమ్ హాల్లో మా చేత పెట్టించలేకపోయింది ఇదేనని నా బుర్రకి ఒక్కనాడూ తట్టలేదు. ఎవరూ వాళ్లకి నేర్పలేదు, పెట్టమని అడగలేదు. మంచి సంగతి జరుగుతుంటే వాళ్లు చేసే పని చేశారు, అంతే. దీదీ డోలు ఆ కేక మీదికి దూకింది, దాని మీదికి నేను. మేమిచ్చింది పావుగంట కాదు, అరగంట. ఎవరూ దిగమనలేదు.

దిగగానే ముసలావిడ నా పట్టీ పట్టుకుని చూసింది. “కౌన్ సియా?” అంది.

“నేనే కుట్టాను, మా.”

“అచ్ఛా సియా,” అంది. అంతకు మించిన మెప్పు నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

కార్యదర్శి దండ సర్దుకుంటూ వచ్చాడు. “అరె అన్నయ్యా, కమాల్ చేసేసావు! మన ఉత్సవాల్లో కూడా పెట్టేద్దాం. ఓ అయిదు నిమిషాలు. రికార్డు పాట మీద అయితే సెట్టింగ్ ఈజీ. కొంచెం మెరుపు బట్టలేసుకుంటే…”

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ తెరిచింది. “ఓరి బాబూ, ముందు శనగపిండి కాయితం ఎనక్కి తిప్పి సదువు.”

అతని మొహం ఎర్రబడింది. తర్వాత మాట్లాడదాం అన్నాడు. మాట్లాడటం నాకక్కర్లేదు, రాసివ్వు అన్నాను.

సాయంత్రం, మా ఆవిడ ఫోన్‌లో తీసిన రికార్డింగు మేడమ్‌కి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. “మాస్టర్‌జీ, ఆ ఆడవాళ్లకి ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు మేడమ్. ఊరు ఇచ్చింది.”

మళ్లీ మొదటి నుంచి పెట్టి వింటోందని వెనక డోలు చప్పుడుని బట్టి తెలిసింది. వచ్చే వర్క్‌షాప్ రంగత్‌లోనే, బలదీ మొదటి రోజు పాఠం ముసలావిడ చేతనే చెప్పిస్తానంది.

నిన్న అయిదో దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకున్నాను. అందులో కొత్తగా ఒక్క వాక్యం ఉంది. రంగత్ నుంచి ఆడవాళ్లని ముందు వరుసలో కూర్చోబెట్టాలి, దండలు లేకపోయినా పర్వాలేదు. కార్యదర్శీ, ఇక్కడ రాసిందంతా నువ్వు చదువుతావని నాకు తెలుసు, నీ గురించి రాసింది ఏదీ నువ్వు వదలవు. పావుగంట, మనిషి వాయించే డోలు, బలదీ అనే పేరు. ఒప్పుకుంటావా, ఒప్పుకోవా? కాగితానికి ముందు వైపు రాసి, కింద సంతకం పెట్టి, ఈ ఆదివారం లోపల మిడిల్ పాయింట్‌లో నా చేతికి ఇవ్వు.