డ్రైవరుకు వెయ్యని విస్తరి

మా బామ్మర్ది పోయాడు. ఖానాపురం హవేలిలో ఒక ఫంక్షన్ హాలు బయట, తన కారులోనే పోయాడు. పెళ్లివాళ్లను దింపి, ఎండలో వాళ్ల కోసం ఆగి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారట. దవాఖానాకు తీసుకుపోయేసరికి ప్రాణం లేదు. షుగర్ మనిషి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని పక్క కారు డ్రైవరు చెప్పాడు.

నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే. అయినా ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

మస్కట్‌లో చాలా ఏళ్లు టాక్సీ నడిపాడు. తిరిగొచ్చి ములకలపల్లిలో ఒక పాత కారు కొని కిరాయిలకు తిప్పాడు. ఎవరింటికి పోయినా కారు తలుపు చప్పుడు కాకుండా మూసేవాడు. మా ఆమె, అంటే అతని అక్క, నవ్వేది.

"ఏందిరా, దొంగతనానికి వచ్చినవా?"

"అలవాటైందక్కా. తలుపు గట్టిగ పడితే డ్రైవరుకు కోపమొచ్చిందనుకుంటరు."

మా చర్చి వాళ్లం కొందరం ఒకసారి యెరూషలేము పోయాం. నేను దేశం దాటింది అదొక్కసారే. విమానంలో నాకు బెల్టు పెట్టింది బామ్మర్దే. అక్కడ ఒక పెద్ద టాక్సీలో మమ్మల్ని రోజూ తిప్పిన డ్రైవరు అరబ్బు మనిషి. తిరుగు ప్రయాణానికి ముందు బామ్మర్ది మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"కిరాయి వేరు, డ్రైవరు చేతుల పెట్టేది వేరు. ఈ దేశంల గదే మర్యాద. దిగేటప్పుడు మొఖం జూసి, కుడిచేత్తోని ఇయ్యాలె. సీటు మీద పడేసి పోవద్దు."

మా సంఘ పెద్దకు నచ్చలేదు. "రోజూ మనతోని కూసొని తిన్నడు. అన్నం పెట్టి మళ్ల పైసలిస్తే పరాయోన్ని చేసినట్టు గాదూ?"

ఆయన మాట ఉత్తది కాదు. మా అడవి ఊళ్లలో పెళ్లికి కిరాయి బండి వస్తే డ్రైవరుకు చుట్టాల బంతిలోనే విస్తరి వేసేవారు. టిప్పు తెలియదు. అక్కడా అట్లే చేశాం. హోటల్ అన్నంలో చింతకాయ తొక్కు కలిపి పెడితే, ఆ డ్రైవరు కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెట్టించుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో అతను టాక్సీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరం దిగి, చేతులు జోడించి "వందనాలు బ్రదర్" అని పోయాం. నేనూ అదే అన్నాను. అతని చెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగిపోయింది. అందరి వెనక దిగిన బామ్మర్ది ఆ చేతిలో ఏదో పెట్టి, ముఖం చూసి, అరబ్బీలో మాట్లాడాడు.

"ఏమన్నవ్?" అని అడిగాను.

"మా దిక్కు గిట్లనే, తప్పుపట్టుకోకన్న. నేను గూడ డ్రైవర్నే అని చెప్పిన బావా."

తర్వాత మా వైపూ మారింది. బయటి దేశాలు తిరిగొచ్చినవాళ్లు టిప్పు ఇవ్వడం నేర్చుకున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. మంచిదే. కానీ విస్తరి వెయ్యడం మానేశారు. చేతిలో పెట్టాక ఇంకేముంది అనుకున్నారు.

ఒకసారి ఏన్కూరులో పెళ్లికి కిరాయి పోయి, పొద్దుగూకినాక మా ఇంటికి వచ్చి అక్కను అన్నం అడిగాడు.

"పెళ్లికి పోయి ఆకలితోని వచ్చుడేంది? అడుగొద్దా?" అన్నాను.

"అడిగి తినేది పెళ్లి అన్నమా బావా? ఆడ యెరూషలేముల మనం పైసలియ్యలే. ఈడ మనోళ్లు అన్నం పెడ్తలేరు. ఎటుపోయినా డ్రైవరే మిగిలిండు."

నవ్వుతూనే అన్నాడు. ముద్ద మాత్రం గబగబా మింగుతున్నాడు.

ఖానాపురం పెళ్లివాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. కిరాయితో పాటు కవరులో టిప్పు కూడా పంపారు. మా ఆమె దాన్ని విప్పలేదు. మా ఇంటి దగ్గర ప్రార్థన, భోజనాలతో పెట్టిన ఆదరణ కూటానికి కూడా వచ్చారు. వాళ్ల పెద్దమనిషి నా పక్కన కూర్చున్నాడు. "మేమైతే ఆయనకు ఎప్పుడూ మంచి టిప్పే ఇస్తుంటిమి" అన్నాడు.

నేను లేచి బయటికి పోయాను.

వాళ్లను తెచ్చిన కిరాయి కారు రోడ్డు పక్కన ఎండలో ఉంది. తల నెరిసిన డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. వెంటనే పోయి అద్దం మీద కొట్టాను. కళ్లు తెరిచాడు.

"తిన్నవా తమ్మీ?"

"పర్వాలేదన్నా. దిగేటప్పుడు వాళ్లే ఏదో చేతుల పెడ్తరు."

"లోపల విస్తరి ఉంది. రా."

"వాళ్లేమన్న అంటరేమో."

"పోయినాయన గూడ డ్రైవరే. రా."

దిగాడు. లోపల తింటున్నవాళ్ల వైపు ఒకసారి చూసి, కారు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.