రొయ్యల షెడ్డు ముందు సప్తాహం

మాణిక్యం గొంతు గురించి అల్లవరం వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మైకు లేకుండానే కాలవ అవతలి గట్టుకి వినబడేది. ఆ గొంతు తండ్రి ఇచ్చిన ఆస్తి. ఆయన పడవ మీద కొబ్బరికాయలు మోసిన మనిషి. పొద్దువాలితే రామకోవెల్లో చిడతలు పట్టేవాడు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నామం ఎత్తుకోవడం, అందుకోవడం, ఊపిరి దాచుకోవడం నేర్పాడు. ఆడపిల్లకి భజనేమిటని అడిగినవాళ్ళకి, రాముడికి లేని పట్టింపు మీకెందుకని జవాబు చెప్పేవాడట.

ఆమెకి పదేళ్ళప్పుడు నవమి సంతర్పణలో ఒక సంగతి జరిగింది. మోతుబరులు కూర్చున్న వరసలో బూరెలు రెండేసి పడుతున్నాయి, పాలెం కూలీవాళ్ళ వరసలో ఒక్కోటి. వడ్డిస్తున్నది తండ్రే. చెప్పినట్టు వడ్డించమన్నారు పెద్దలు. ఆయన కేకలెయ్యలేదు. బుట్ట కింద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకుని, "పంక్తిలో వలపక్షం చేస్తే ఇది ప్రసాదం కాదండి, ఉత్త తిండండి. తిండైతే మా ఇంటిదగ్గరా ఉందండి" అని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చేశాడు. బూరె పోయిందని తను దారి పొడుగునా ఏడ్చానని మాణిక్యం నవ్వుతూ చెబుతుంది. తండ్రి మాటకి అర్థం తెలియడానికి ఆమెకి నలభై ఏళ్ళు పట్టింది.

పెళ్ళయింది. భర్త సత్యదుర్గారావు రేవులో పడవ నడిపేవాడు, భజనల్లో డోలకు వాయించేవాడు. నెమ్మదస్తుడు. వంతెన కట్టాక రేవు మూతపడింది, ఆయన చేతికి డోలకు ఒక్కటే మిగిలింది. అప్పటికి వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతున్నాయి. ఊడుపులకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళకి పని లేకుండా పోయింది. అదే రోజుల్లో బంగారరాజుగారు రోడ్డు పక్కన రొయ్యల షెడ్డు కట్టారు. ఆయన కూడా ఒకప్పుడు వరి రైతే. మాణిక్యం కుర్రతనంలో ఆయన చేలో నాట్లు వేసింది కూడాను.

షెడ్డులో మాణిక్యంతో కలిపి ఎనభై మంది ఆడవాళ్ళు. పొద్దున్న ఆరింటికి ఐసులో చేతులు పెడితే మధ్యాహ్నానికి వేళ్ళు తమవి కావు. రొయ్య ముల్లు గుచ్చుకుంటే అప్పుడు తెలియదు, ఇంటికెళ్ళి అన్నంలో పులుసు కలుపుకున్నప్పుడు తెలుస్తుంది. షెడ్డులో మురుగు పోయే కాలవ పక్కన నేల మీద చతికిలబడి రొయ్యల తలలు తియ్యాలి. బల్లల దగ్గర నిలబడి పెట్టెలు కట్టే మగవాళ్ళకి కూలీ ఎక్కువ. అదే పెట్టెలు ఆడవాళ్ళు కడితే తక్కువ. ఇవన్నీ ఉన్నవే. వానలాగా ఎండలాగా అవీ ఉన్నాయనుకునేవారు.

ఒక వేసవిలో అప్పాయమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె అందరికంటే సన్నని మనిషి, బాలింత. ఆడవాళ్ళు తాగే కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, చెరువులొచ్చాక ఆ ఊరి నీళ్ళన్నీ అంతే. ఆఫీసు గదిలో మాత్రం మంచినీళ్ళ క్యాను ఉంటుంది. మాణిక్యం పరుగున వెళ్ళి ఆ క్యానులోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి అప్పాయమ్మ నోట్లో పోసింది. సాయంత్రం మేస్త్రీ ఇద్దరికీ సగం రోజు కూలీ కోసేశాడు. అడక్కుండా ఆఫీసు నీళ్ళు ముట్టుకున్నందుకట.

మర్నాడు ఎనభై మందిలో ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు.

అమలాపురం నుంచి శివప్రసాద్ అనే యూనియన్ ఆయన మోటారుసైకిలు మీద వచ్చాడు. మంచివాడు, ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డవాడు. రోడ్డు మార్జినులో షామియానా వేయించాడు, నినాదాలు నేర్పాడు. ఆడవాళ్ళు మొదటి రోజు సిగ్గుపడ్డారు, రెండో రోజు గొంతెత్తారు, మూడో రోజు అనుమతి లేదని పోలీసులొచ్చి షామియానా విప్పించారు. నాలుగో రోజుకి సగం మందే వచ్చారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

మాణిక్యానికి ఆ బాధ ఒకటైతే, లోపలి బాధ ఇంకొకటి. రామకోవెల పూజారి రామ్మూర్తిగారు ఆమెని చిన్నప్పటినుంచీ ఎరిగినవారు. దారిలో ఆపి, "ఉన్నదాంతో తృప్తి పడమనే కదమ్మా రోజూ పాడతావు. మరి రోడ్డెక్కడమేమిటి?" అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అందుకే ఆ మాట ఆమెని వదల్లేదు. రెండు రోజులు భజనకి వెళ్ళలేదు. సిరి నిలవదని పాడిన నోటితోనే కూలీ పెంచమని అరుస్తున్నానే, ఇందులో ఏది అబద్ధం అని మథనపడింది. సత్యదుర్గారావు డోలకు తాళ్ళు బిగిస్తూ భార్య వంక చూసేవాడు.

ఆ రెండో రోజు అన్నం వడ్డించుకుంటుంటే తండ్రి బుట్ట కింద పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆయన బూరె కోసం వచ్చెయ్యలేదు. తన ఆకులోకి రెండు బూరెలు వేస్తామన్నా వచ్చేసేవాడే. మాణిక్యం కంచం అలాగే వదిలేసి రామ్మూర్తిగారి ఇంటికి నడిచింది.

"తృప్తి అనేది నా కంచానికి నేను చెప్పుకునే మాటండి. పక్కదాని కంచానికి నేను చెప్పకూడదండి" అంది గుమ్మంలో నిలబడే.

రామ్మూర్తిగారు లేచి ఆమెకి పీట వాల్చారు. తర్వాత, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అన్నారు.

అప్పటికి ఆమె మనసులో ఉన్నది బయటపెట్టింది. షెడ్డు గేటుకి ఎదురుగా సత్తెమ్మకి రెండు సెంట్ల దొడ్డి ఉంది. సత్తెమ్మ కూడా షెడ్డు మనిషే. అది సొంత జాగా, లెమ్మనేవాళ్ళు లేరు. అక్కడ పందిరి వేసి సప్తాహం పెడదామంది. ఏడు రోజులు నామం ఆగకూడదు, దీపం కొండెక్కకూడదు. దీపం ఎవరు వెలిగిస్తారని ఆయన అడిగితే, మీరేనండి అంది. ఆయన నవ్వి, పంచాంగం తీశారు.

శివప్రసాద్‌కి ఇది బొత్తిగా నచ్చలేదు. పేదవాడిని ఇన్నాళ్ళూ నోరెత్తకుండా నిద్రపుచ్చింది ఈ దేవుడి పాటలే కదా, మళ్ళీ అదే మందు వేస్తానంటావా అన్నాడు. మాణిక్యం అతని మాట కాదనలేదు.

"ఆయ్, నిజమేనండి. నిద్రపుచ్చడానికీ పాటేనండి, మేలుకొలపడానికీ పాటేనండి. ఏది పాడుతున్నామో మనం చూసుకోవాలి గానండి" అంది.

అతను తల గోక్కుని, కొబ్బరాకులు తానే తెప్పిస్తానన్నాడు.

సప్తాహం మొదలైంది. దీపం చుట్టూ చిడతలతో తిరుగుతూ జట్టు తర్వాత జట్టు నామం అందుకోవాలి. పదేసి మంది ఎనిమిది జట్లు. మానేసినవాళ్ళంతా తిరిగొచ్చారు. సమ్మెకి వెళ్ళొద్దన్న మొగుళ్ళు సప్తాహానికి వెళ్ళొద్దని అనలేకపోయారు. పైగా బిందెలతో నీళ్ళు మోశారు. పాలెం వాళ్ళు బియ్యం ఇచ్చారు, రైతుల ఇళ్ళనుంచి అరటిగెలలొచ్చాయి. అక్కడ పొద్దున్న వండిన పులిహోర ఎవరికైనా ఒకటే దోసిలి. ఆ వారం రోజులూ నీచు ముట్టుకోకూడదు కనక మూడో రోజుకి చేతుల వాసన పోయింది. ఏళ్ళ తరబడి పోని వాసన. ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు వాసన చూసుకుని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే మాణిక్యానికి ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

రెండో రోజున బంగారరాజుగారి భార్య భవానీదేవిగారు నువ్వులనూనె డబ్బా తీసుకుని వచ్చారు. తమ షెడ్డు ముందు సప్తాహం జరుగుతుంటే వెళ్ళకుండా ఉండలేని మనిషి ఆవిడ. నూనె పోసి వెళ్ళిపోదామనుకున్నారు. కానీ సత్తెమ్మ జరిగి చాప మీద చోటిచ్చింది. కూర్చున్నారు. తాళం వేస్తున్న అప్పాయమ్మ వేళ్ళు చూశారు. గోళ్ళ పక్కన తెల్లగా ఉబ్బి పగిలిన చర్మం. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, "ఇలాగ ఎన్నాళ్ళనుంచమ్మా?" అని అడిగారు. షెడ్డు పెట్టినప్పట్నించేనండి అంది అప్పాయమ్మ. ఆవిడ మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. ఆవిడ ఇంట్లో ఏమన్నారో ఎవరికీ తెలియదు.

వాన పడ్డ రోజున బంగారరాజుగారు వచ్చారు. అంతకుముందే పందిరి కారడం మొదలై, పళ్ళేలు అడ్డుపెట్టి దీపాన్ని కాపాడుకుంటున్నారు. ఆయన చెప్పులు రోడ్డు మీదే విడిచి, బురదలో నడిచొచ్చి, దీపం చుట్టూ ఒకసారి తిరిగి మాణిక్యం ముందు నిలబడ్డారు. అప్పుడు నామం ఆమె జట్టుది. నామం మధ్యలో మాట్లాడకూడదు. జట్టు మారడానికి ఇంకా గంట ఉంది. ఆమె ఆయన వంక చూసి, కళ్ళతోనే నమస్కారం పెట్టి, పాడుతూనే ఉంది. మేస్త్రీ ఏదో అనబోతే ఆయన చేత్తో వారించారు. ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డారు. చొక్కా తడుస్తూనే ఉంది. సత్యదుర్గారావు డోలకు వాయిస్తూ, తాళం తప్పుతానేమోనని భయపడిపోయాడట. గంటసేపు ఎనభై మంది కూలీల ముందు యజమాని తన వంతు కోసం ఎదురుచూశాడు. ఆ గంటలో తనకి గర్వం కలగలేదంటుంది మాణిక్యం. ఒకప్పటి వరి రైతు ముఖం కనిపించి జాలేసిందట.

నామం అప్పగించి ఆమె బయటికొచ్చింది.

"మన ఇంటి మనుషుల్లా చూసేనమ్మా మిమ్మల్ని. నన్నిలా వీధిలో పెట్టేరేమిటి?" అన్నారాయన.

"మీరు చెడ్డోరని అన్లేదండి. ఇంటి మనుషులమైతే ఒక్క కుండలో నీళ్ళు తాగనివ్వండి. పంక్తి ఒక్కటైతే వడ్డనా ఒక్కటేనండి. మేం అడిగేది అంతేనండి" అందామె.

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ దీపంలో నూనె పోస్తున్నారు, తలెత్తలేదు.

ఏడో రోజు పూర్ణాహుతి లోపలే మాట కుదిరింది. చేతులకి తొడుగులు, కూర్చోవడానికి పీటలు, అందరికీ ఒకే మంచినీళ్ళు, పెట్టెలు కట్టే పనిలో ఆడామగా ఒకే కూలీ. తలలు తీసే పనికి మాత్రం అడిగినదాంట్లో సగమే పెంచారు. శివప్రసాద్ ఇంకో రెండు రోజులు పట్టుబడితే మిగతాదీ వచ్చేదన్నాడు. రావచ్చు. కానీ సప్తాహాన్ని ఎనిమిదో రోజుకి లాగకూడదని మాణిక్యం ఒప్పుకోలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ జరిగింది చెప్పాలి కదా. పై ఏడాది సీజను మొదలైనప్పుడు అందరికీ కబురొచ్చింది, మాణిక్యానికి రాలేదు. మేస్త్రీ పనో, యజమానికి తెలిసే జరిగిందో తేలలేదు. సత్తెమ్మ మళ్ళీ పందిరి వేద్దామంది, ఎనభై మందీ సరేనన్నారు. మాణిక్యం వద్దంది. నా ఒక్కదాని కోసం నామం కూర్చోబెడితే అది మొక్కు కాదు, పంతం అవుతుందంది. శివప్రసాద్ మొదటిసారి ఆమె మీద కోప్పడ్డాడు. నిన్ను వదిలేస్తే రేపు ఇంకొకరిని తీసేస్తారన్నాడు. ఆ మాటే నిజమైంది, తర్వాత ఇద్దర్ని తీసేశారు. ఆ రోజు తను చేసింది ధర్మమో, ధర్మం పేరు పెట్టుకున్న అలసటో ఈనాటికీ తెలియదంటుంది ఆమె. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వదు.

తర్వాత ఆమె ఇళ్ళల్లో వంటలకి వెళ్ళింది. ఎక్కడైనా ఆడకూలీలు సమ్మెకి కూర్చున్నారంటే శివప్రసాద్ కబురు పంపేవాడు. కె.గంగవరం వైపు ఇటికబట్టీల దగ్గరా, ఇంకా ఎక్కడెక్కడో చిడతలు పట్టుకుని వెళ్ళింది. కొన్నిచోట్ల గెలిచారు, ఎక్కువచోట్ల గెలవలేదు. అప్పాయమ్మ కువైట్ వెళ్ళి తొమ్మిదేళ్ళు వంటమనిషిగా చేసి వచ్చింది. సప్తాహం జరిగిన నాలుగైదేళ్ళకే రొయ్యలకి తెగులొచ్చి చెరువులు ఎండగట్టారు, షెడ్డుకి తాళం పడింది. ఎనభై మందీ తలోదిక్కు అయిపోయారు. గెలిచిన పీటలూ తొడుగులూ ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

మొన్న కార్తికమాసంలో మాణిక్యం, సత్తెమ్మ, అప్పాయమ్మ కలిసి పలివెల కొప్పులింగేశ్వరుణ్ణి చూడ్డానికి బయల్దేరారు. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేని బస్సులొచ్చాయి కదా, అమలాపురంలో రావులపాలెం బస్సెక్కారు. ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. ఎక్కిన దగ్గర్నుంచీ ఆ వారం గురించే మాటలు. ఎవరికి గొంతు పోయింది, ఎవరు నిలబడే కునికిపాట్లు పడ్డారు, పులిహోరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది ఎవరు. వాన పడింది నాలుగో రోజని సత్తెమ్మ, కాదు అయిదో రోజని అప్పాయమ్మ. బస్సులో అందరూ వీళ్ళనే చూస్తున్నారు.

"మీరిద్దరూ ఉండండి. ఆరోరోజే వాన. నామం నాది కదా, నాకు తెలీదేంటి?" అంది మాణిక్యం.

వాదం తేలలేదు గాని, పలివెల దాటిపోయింది. కండక్టరు తిట్టుకుంటూ ముందు స్టాపులో దింపాడు. ముగ్గురూ కొంగులు నడుముకి దోపుకుని రోడ్డు పక్కనే వెనక్కి నడిచారు. ఎండ ఇంకా ఎక్కలేదు. అయిదో రోజేనని అప్పాయమ్మ మళ్ళీ మొదలెట్టింది.