గడప మీద వేపమండ

2021 మొదట్లో, చాలాకాలం మూతపడిన హాస్టళ్లు తెరిచినప్పుడు, నేను నల్లగొండ జిల్లాలో ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. హెల్త్ సెంటర్ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, రెండు మంచాలు, ఒక బీపీ మిషను, జ్వరం గోళీలు, నేను. డాక్టరుగారు అప్పుడప్పుడు వచ్చి చూసి పోయేవారు. మిగతా రోజుల్లో పిల్లలకు డాక్టరును నేనే, తిట్టే మేనత్తను కూడా నేనే.

ఆ రోజుల్లో నా ముఖ్యమైన పని గడ్డం కిందికి జారిన మాస్కులను ముక్కు మీదికి ఎక్కించడం. వార్డెన్ మేడమ్ జరిమానా వేస్తానంటే ఆమె కనబడినంతసేపు మాస్కు పైన ఉండేది, ఆమె మలుపు తిరగగానే దిగేది. గోడల నిండా పోస్టర్లు అంటించాం. ఒక లెక్చరర్‌గారు గంటసేపు స్లైడ్లు చూపించి ఊపిరితిత్తుల సంగతంతా చెప్పారు. అది అయిపోగానే పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని మెస్సుకు పోయారు. ఏడాది తర్వాత కలుసుకున్న స్నేహితులాయె! ముగ్గురు ఒక కంచంలో తినేవారు.

"ఓ పిల్లలూ, కంచాలు తక్కువొచ్చినయా?" అని అరిచాను ఒకరోజు.

"పొత్తుల తింటెనే కడుపు నిండుతది సిస్టర్. మాకేమైతది, వయసు పిల్లలం" అని నవ్వింది కవిత. కేతేపల్లి రైతు బిడ్డ. ఆమె నవ్వితే మెస్సంతా తిరిగి చూసేది. నా మాటలు చెవిటివాని ముందు ఊదిన శంఖమే అయ్యాయి.

మాట విన్నది ఒక్క అనూష. కవిత ఉండే గదిలోనే ఉండేది, ఎంకాం చివరి ఏడాది. మర్రిగూడ దిక్కు పల్లె, నేతపని చేసే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. తండ్రి మగ్గం మీద ఉంటాడు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగి అవ్వ నడుము వంగిపోయింది. కీళ్లు, పక్కటెముకలు బిగుసుకుపోయి ఊపిరి కూడా సగమే అందేది. తనంతట తాను లేవలేదు. ప్రతి ఆదివారం ఈ పిల్ల ఊరికి పోయి, అవ్వను రెండు చేతుల మీద ఎత్తి, పీట మీద కూర్చోబెట్టి తలస్నానం చేయించి వచ్చేది.

హాస్టల్ తెరిచిన కొత్తలోనే నా దగ్గరికి వచ్చి అడిగింది. "సిస్టర్, మనిషికి మనిషికి దూరం ఉండాలంటున్నరు గదా. మనిషిని ఎత్తుకొని తానం చేపియ్యాలంటే ఎట్ల?"

మా పోస్టర్లలో దానికి జవాబు లేదు. నాకు తోచింది చెప్పాను. "అవ్వ దగ్గర దూరం కుదరదు బిడ్డా. అందుకని ఆ దూరమేదో ఇక్కడే పాటించు. వారమంతా ఇక్కడ ఒంటరిగుంటే, ఆదివారం అక్కడ దగ్గరుండొచ్చు."

అంతే, పట్టిన పట్టు విడవలేదు. తన కంచం వేరు, గ్లాసు వేరు. కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని తినేది. "డాక్టరమ్మ వస్తాంది, జరుగున్రి" అని తోటి పిల్లలు ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేది, కానీ మాస్కు మాత్రం దించేది కాదు.

ఒకరోజు కవితకు జ్వరం వచ్చింది. మరునాటికి కూర వాసన తెలియలేదు. టెస్టు చేస్తే పాజిటివ్. వాళ్ల నాయిన వచ్చి తీసుకుపోయి, పొలం కాడి కొట్టంలో విడిగా ఉంచి, మంచిగానే చూసుకున్నాడు. మిగిలింది అనూష. రోగి పక్కన మసలిన మనిషిని మేము ప్రైమరీ కాంటాక్ట్ అంటాం. ఆమెకు చేసిన టెస్టు నెగటివ్ వచ్చింది. కానీ మొదటి రోజుల్లో రోగం లోపల ఉండి కూడా టెస్టులో దొరకకపోవచ్చు. దాన్ని ఫాల్స్ నెగటివ్ అంటారు. అందుకే పద్నాలుగు రోజుల గడువు ముగిసేదాకా గదిలోనే ఉండాలని, ఊరికి పోవద్దని చెప్పాను.

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "మరి అవ్వకు నీళ్లెవరు పోస్తరు సిస్టర్?"

ఆ గది తలుపుకు 'ఐసోలేషన్, లోనికి రావద్దు' అని ఎర్రక్షరాలతో కాగితం అంటించాను. సాయంత్రం పోయి చూస్తే ఏముంది! ఇద్దరు పిల్లలు మంచం మీద కూర్చుని ఆమెను ఊరడిస్తున్నారు. ఒకామె చార్జర్ కోసం వచ్చి అక్కడే నిలబడిపోయింది. అందరినీ కలిపి కడిగేశాను.

"పాపం ఒక్కతే ఉన్నది గదా సిస్టర్" అన్నారు. అల్లరి చేస్తే తిట్టగలను. ప్రేమతో వచ్చినవాళ్లను ఏమని తిట్టేది?

మరునాడు పొద్దున్నే ఆ తలుపుకు వేపమండ కట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా దగ్గర పిల్లలకు ఒంటినిండా పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటారు. ఆ ఇంటి గడపకు వేపమండ కడతారు. అది దిగేదాకా బయటివాళ్లు లోనికి రారు, లోపలివాళ్లు బయటికి పోరు. "ఇది అమ్మవారు కాదు, కరోనా. పెద్ద చదువు చదివినదానివి, ఇదేంది?" అన్నాను.

"నాకు ఎర్కే సిస్టర్" అంది కిటికీలోంచి. "ఎవ్వలు చెప్పినా ఇంటలేరని అవ్వకు ఫోన్ చేసి చెప్పిన. 'మండ కట్టుకో బిడ్డా. మండ జూస్తే ఎవ్వలు రారు. అది తీసేదాక నువ్వు గూడ గడప దాటకు' అన్నది. తోట పని చేసే తాతతోని తెప్పించిన. జర చూడున్రి సిస్టర్, ఏమైతదో."

చూశాను. ఆ రోజు నుంచి ఒక్కరు గడప దాటితే ఒట్టు. అన్నం కంచం తెచ్చి గడప ముందు పెట్టి, పిలిచి, వెనక్కి జరిగి నిలబడేవారు. కొందరు చెప్పులు దూరంగా విడిచి వచ్చేవారు. నేనూ జడ్చర్లలో అట్లాగే పెరిగినదాన్నే, నాకెందుకు తట్టలేదో. నా ఎర్రకాగితం లోపల ప్రమాదముంది అని చెప్పింది. మండ మాత్రం లోపల కాపాడుకోవాల్సిన మనిషి ఉంది అని చెప్పింది. వార్డెన్ మేడమ్ ముఖం చిట్లించినా సరే, జ్వరమొచ్చిన మిగతా పిల్లల తలుపులకు నేనే దగ్గరుండి మండలు కట్టించాను.

అక్కడ ఊళ్లో అవ్వకు పక్కింటామె నీళ్లు పోస్తోంది. ఒక సాయంత్రం నేను కిటికీ దగ్గర ఉన్నప్పుడే అవ్వ ఫోన్లో మాట్లాడింది. ఊపిరి తీసుకుంటూ ఒక్కొక్క మాటే అంటోంది. "ఆమె పోస్తే మెడ నొస్తాంది బిడ్డా. నీ చెయ్యి లెక్క లేదు." వెంటనే మాట మార్చింది. "ఫికర్ జెయ్యకు. మంచిగనే ఉన్న." అవ్వ అన్నం సరిగ్గా తింటలేదని అనూష తండ్రి నాతో విడిగా చెప్పాడు.

గడువు ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక పొద్దున పిల్లలు పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచారు. అవ్వ నిద్రలోనే పోయింది. కరోనా కాదు. సగం ఊపిరితో అన్నేళ్లు లాగిన ప్రాణం, ఇక లాగలేకపోయింది.

నేను పోయేసరికి అనూష గడపకు లోపలివైపు నిలబడి ఉంది. ఫోన్లో తండ్రి ఉన్నాడు. "సిస్టర్, పోవచ్చా?" అంది.

ఎందరి చావులో ఎందరికో చెప్పినదాన్నే. "బిడ్డా..." అని ఆగిపోయాను. ఆమె నా ముఖం చూసింది, తలుపుకు వాడిపోయి వేలాడుతున్న మండను చూసింది.

"చెప్పకున్రి సిస్టర్. నాకు సమజైంది." ఫోన్లో తండ్రితో అంది, "బాపూ, నేను రాను. వాడల ముసలోళ్లందరు వస్తరు. గాళ్ల నడుమ నేనెట్ల కూసుంట?"

"ఆఖరి చూపు గద బిడ్డా" అని ఆయన ఏడుస్తున్నాడు.

"అవ్వనే చెప్పింది బాపూ, గడప దాటొద్దని."

చావు జరిగితే మా దగ్గర ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తారు. అట్లా ఏడిస్తేనే గుండె బరువు దిగుతుంది. ఆ పిల్ల చిన్న ఫోనులో అవ్వను తీసుకుపోవడం చూస్తూ గోడకు తల ఆనించి ఒక్కతే ఏడ్చింది. బయట వరండాలో ఉన్న ఒక పిల్ల ఆగలేక లేచి లోనికి పోబోయింది. అనూష చెయ్యెత్తి ఆపింది.

"రాకు. మండ ఉన్నది."

ఆ పిల్ల అక్కడే కూలబడింది. ఒకరి తర్వాత ఒకరు ఆ అంతస్తులోని పిల్లలంతా వచ్చి, వరండా పొడుగునా ఎడం ఎడంగా కూర్చున్నారు. వార్డెన్ మేడమ్ లేదు, జరిమానా మాట లేదు. ఒక్క మాస్కు గడ్డం కిందికి దిగలేదు. కన్నీళ్లకు తడిసి మూతులకు అంటుకున్నా ఎవరూ తియ్యలేదు. దాచుకోవడం ఎందుకు, వాళ్లతో పాటు నేనూ నేల మీద కూర్చుని ఏడ్చాను.

గడువు ముగిసింది. రెండో టెస్టు కూడా నెగటివే. "నీకు అసలు రానేలేదు బిడ్డా" అని చెప్పాను.

సంతోషపడలేదు. "అంటే నేను పోతే ఏం కాకపోతుండె గద సిస్టర్. అవ్వకు నీళ్లు పోసినా ఏం కాకపోతుండె."

అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేదు. "కాకపోతుండె. కానీ ఆ సంగతి మనకు ఇయ్యాల తెల్సింది."

జాగ్రత్తలోని క్రూరత్వం ఇదే. అది పనిచేస్తే ఏమీ జరగదు. నువ్వు ఎవరిని కాపాడావో ఎవరూ వచ్చి చూపించరు. పోగొట్టుకున్నది మాత్రం కళ్లముందే ఉంటుంది.

అనూష తలుపుకున్న మండ విప్పి చేతిలో పట్టుకుంది. "అమ్మవారు దిగినంక యాపాకు నీళ్లు పొయ్యాలె సిస్టర్. చిన్నప్పుడు అవ్వ పోసేది. మీరు పోస్తరా?"

నీళ్లు కాచి, పసుపు, వేపాకు వేసి బకెట్ తెచ్చాను. పీట మీద ముడుచుకుని కూర్చుంది. అన్ని రోజుల తర్వాత ఆమెను తాకిన మొదటి చెయ్యి నాదే. "జర మెల్లగ పొయ్యున్రి. అవ్వ గట్లనే పోసేది" అంది. రెండో చెంబుకు ఆమె బోరుమంది. నేను ఆపకుండా బకెట్ ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.

పిల్లలు జాగ్రత్తలు పాటించాలంటే ఏం చెయ్యాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. నేను పోస్టర్ల మాట ఎత్తను. జ్వరమని వచ్చిన పిల్లను ముందు "ఇంట్ల ఎవరెవరున్నరు బిడ్డా?" అని అడుగుతాను. ఒకరి పేరు చెబుతుంది. ఆ తర్వాత మాస్కు సంగతి నేను పెద్దగా చెప్పాల్సిన అవసరం రాదు.

ఆ ఒక్క పిల్లను మాత్రం ఆ మాట అడగలేకపోయాను. నీళ్లు పోసిన నాటి మధ్యాహ్నమే అనూష ఊరికి పోవడానికి సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరి కోసం మాస్కు పెట్టుకుందో ఆ మనిషి ఇక లేదు. బస్సు వచ్చింది. ఎక్కబోతూ మాస్కును ముక్కు మీదికి లాక్కుని సరిచేసుకుంది. నేను చూస్తున్నానని గమనించి అంది.

"బస్సుల ఎవలో ఒకల అవ్వ ఉంటది గదా సిస్టర్."