పరీక్ష చెయ్యని తొట్టి

సీతమ్మధారలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో ఎప్పుడు చూసినా ఒకటో రెండో స్నానపు తొట్లు పడి ఉండేవి. పాతబడ్డాక విడగొట్టిన ఓడల్లోంచి వచ్చిన సరుకది. ఓడ ఆఫీసర్లు గదుల్లో వాడిన బరువైన ఇనుప తొట్లు, లోపల తెల్లటి పింగాణీ పూత. కొన్నిటికి పక్కనే ఒక పెట్టెలో కరెంటు హీటరు బిగించి ఉండేది. హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్లలో అవి దొరికేవి. నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావ, అక్కడే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. డెబ్బైల చివర్లో ఇద్దరం కలిసి సెలవు రోజుల్లో ఈ పని మొదలుపెట్టాం. తొట్టిని తెచ్చి, బాగుచేసి, ఇంట్లోనే పరీక్షించి అమ్మేవాళ్ళం. లాడ్జీల వాళ్ళు, కొత్తగా మేడలు కట్టుకున్నవాళ్ళు కొనేవారు.

నిజానికి పరీక్షలన్నీ బావే చేసేవాడు. పొద్దున్నే తొట్టి నిండా నీళ్ళు పట్టి, కింద పాత పేపర్లు పరిచి, ఎక్కడైనా తడి దిగుతుందేమో చూసేవాడు. తర్వాత హీటరు వేసేవాడు. నీళ్ళు ఒంటికి సరిపడా వేడెక్కగానే అది దానంతట అదే ఆగిపోవాలి, పెట్టె మీది ఎర్ర లైటు ఆరాలి. ఆరగానే స్విచ్చి కట్టేసి థర్మామీటరు ముంచేవాడు. ఆ నీళ్ళు మొక్కలకి వదిలేసి మళ్ళీ చన్నీళ్ళు పట్టేవాడు. అలా మూడుసార్లు. ఆఖర్న లుంగీ ఎగ్గట్టి తనే అందులో దిగి కూర్చునేవాడు. మా పిల్లలు చుట్టూ చేరి, మావయ్యకి తలంటు అని గెంతేవాళ్ళు.

మూడుసార్లు తొట్టి నింపడమంటే మాటలు కాదు. అప్పట్లో మా వీధి కుళాయి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయేది. మిగతాదంతా మా ఆవిడ బోరింగు దగ్గర్నుంచి బిందెలతో మొయ్యాల్సిందే.

"ఒక్కపాలి సూత్తే సాలదేటి బావా?" అని నేను విసుక్కునేవాణ్ణి.

"మొదటిపాలి బాగానే ఆగుతాది బావా. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టుంటాది. రెండోపాలో మూడోపాలో అంటుకుపోతాది. అందులో మనిషి కూకుంటాడు గదా" అనేవాడు.

ఎనభైల మొదట్లో, ఒక చలికాలం, దువ్వాడ నుంచి ఒకావిడ వచ్చింది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరూ సిస్టరమ్మ అంటారని చెబితే నేనూ అలాగే పిలిచాను. ఆవిడ భర్త స్కూల్లో మేష్టారుగా చేసేవారట. వెన్నుకి దెబ్బ తగిలి నడుం కింద చచ్చుబడిపోయింది.

"ఆయనకి కాళ్ళు బిగుసుకుపోతన్నాయి బాబూ. రోజూ కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో కూకోబెట్టమన్నారు డాక్టరుగారు. బకెట్లతో ఎంతని మరగబెట్టి పొయ్యగల్ను?" అంది.

హీటరున్న తొట్టి ఒకటి అప్పుడే తెచ్చి ఉంచాం. అదే కావాలంది. పై ఆదివారం బండి తెచ్చి పట్టుకెళ్తానంది. ఈలోగా బావ నూర్పులకి ఊరెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు పనిగట్టుకుని వచ్చి చెప్పాడు.

"నాను వచ్చీదాకా దాన్ని ఇవ్వకు. ఇవ్వక తప్పదంటే నువ్వే మూడుపాళ్ళు పెట్టి సూడు. థర్మామీటరు గూట్లో ఉంది."

ఆ ఆదివారం మా ఆఫీసువాళ్ళు రుషికొండ బీచికి పిక్నిక్కని వ్యాను మాట్లాడారు. పిల్లలు తెల్లారకముందే లేచి బట్టలు వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. కుళాయి సన్నగా వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ పులిహోర కలుపుతోంది. బిందెలు మొయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు, నేనే మోద్దామని బుద్ధీ పుట్టలేదు. ఉన్న నీళ్ళు సగం దాకా పోసి, కారడం లేదని చూశాను. హీటరు వేశాను. ఎర్ర లైటు వెలిగింది. వెంటనే కట్టేశాను. అంతే.

వ్యాను ఇంకా రాకముందే, చర్చిలో పొద్దుటి ప్రార్థన అయ్యాక సిస్టరమ్మ తెల్లచీరలో వచ్చింది. తొట్టిని బండి మీదికి ఎక్కిస్తుంటే నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది.

"అన్నీ సూసినారు గదా బాబూ? ఆయనకి కాళ్ళలో వేడీ సల్లదనం తెలీదు."

"మూడుపాళ్ళు సూసేనమ్మా. లైటు ఆరగానే స్విచ్చి కట్టేసి దించొచ్చు" అన్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

ఆ రోజు రుషికొండలో మేం చాలా సంతోషంగా గడిపాం. ఆ సంగతి రాయకుండా దాటెయ్యాలని ఉంది గాని, నిజం అదే.

బావ ఊరి నుంచి వచ్చాక, ఎర్తు వైరు సరిగా వేసుకున్నారో లేదో చూద్దామని దువ్వాడ వెళ్ళాడు. అమ్మిన ప్రతి ఇంటికీ అలా వెళ్ళడం అతని అలవాటు. సాయంత్రం తిన్నగా మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా పెరట్లో నిలబడ్డాడు.

"సిస్టరమ్మ భర్తకి ముందు కాళ్ళు దించేరంట, కాలిపోయినాయి. ఆస్పత్రిలో ఉన్నారు. లైటు ఆరీసరికే నీళ్ళు ఒళ్ళు కాలేంత వేడెక్కిపోతన్నాయంట. ఎన్నిపాళ్ళు సూసినావు?"

తొట్టి కారడం లేదని చెప్పాను. మళ్ళీ అడిగాడు.

"ఒక్కపాలీ నేదు" అన్నాను.

బావ వెనక్కి తిరిగాడు. పెరటి గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళి ఆవిడతో సెప్పు. అది నువ్వు సెప్పాల్సిన మాట, నాను సెప్పను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. మేష్టారికి మోకాళ్ళ దాకా కట్లు. నన్ను చూసి నవ్వారు. నొప్పి తెలియదుగా. సిస్టరమ్మ వరండాలోకి వచ్చింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా ఆవిడే అంది.

"మీరేటి సేత్తారు బాబూ. మిషను గదా, ఏ నిమిషం ఎలాగుంటాదో."

అవునన్నట్టు తలూపాను. బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

తొట్టిని బావే వెనక్కి తెచ్చి, హీటరు పెట్టె ఊడదీసి సుత్తితో నలగ్గొట్టాడు. నేను చెప్పలేదని తెలిశాక ఇక పనికి రాలేదు. పండక్కి వచ్చినా చెల్లెలితో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. బావ లేకుండా నేను ఆ వ్యాపారం చెయ్యలేదు. మేష్టారి గాయాల్లో ఒకటి ఎన్నాళ్ళకీ మానలేదని, చివరికి ఒక పాదం తీసేశారని బావ చెబితే మా ఆవిడ ద్వారా తెలిసింది. రేపు వెళ్దాం, వచ్చేవారం వెళ్దాం అనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేశాను. ఆయన జ్వరంతో పోయారని విన్నాక గాని దువ్వాడ రైలెక్కలేదు.

సిస్టరమ్మ కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రోజు ఏం చేశానో, ఏం చెయ్యలేదో, ఎందుకో అంతా. ఆవిడ ఆ కుర్చీని మళ్ళీ గోడవారకి జరిపింది.

"మూడుపాళ్ళు సూసేనన్నారు గదా" అంది.

"అబద్ధం సెప్పేనమ్మా."

"నాను ముప్పయ్యేళ్ళు నర్సుని బాబూ. పసిగుడ్డుకి నీళ్ళు పోసినా ముందు మోసెయ్యి పెట్టి సూసీదాన్ని. ఆ రోజు పెట్టనేదు. మీరు అన్నిసార్లు సూసేరు గదా అని పెట్టనేదు. సేతులారా నానే కాల్చుకున్నానని ఇన్నేళ్ళూ..." అని ఆగింది. "నీ తప్పేటీ నేదు అనీవారు ఆయన. నా మనసు కోసం అంటన్నారనుకున్నాను. ఆయనుండగా వచ్చి ఒక్కమాట సెప్పుంటే, ఆయన ముందు నాను కాసింత తలెత్తుకునీదాన్ని బాబూ."

నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది.

"వెళ్ళండి. రైలు టైమైపోతాది" అంది. తిట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇంటికి వెళ్ళకుండా తిన్నగా బావ క్వార్టర్స్‌కి వెళ్ళాను. "సెప్పేసినాను" అన్నాను. ఏమందని అడిగాడు. ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. చెయ్యి పెట్టి చూడలేదన్న మాట బావ మళ్ళీ చెప్పించుకున్నాడు.

"ఆవిడ తనని తాను అనుకుంటాదని నాకు తోచనేదు. నీ మీద కోపంతో ఊరుకున్నాను బావా. నానైనా సెప్పాల్సింది" అన్నాడు.

ఆ తర్వాత మా రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి గాని, మునుపటిలా నవ్వుకున్నది లేదు. నేను దువ్వాడ మళ్ళీ వెళ్ళలేదు. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనిపించింది. వెళ్తే నా బరువు దింపుకోవడానికే వెళ్ళినట్టవుతుంది. ఆవిడ మోసిన నాలుగేళ్ళని నేనేం చేసినా వెనక్కి ఇవ్వలేను.